నవంబరు వానలలోపు బాడుగిల్లు బాగుచేయాలి: ముందు మిద్దెనా, బాత్‌రూమా, రంగులా?

ఇంటాయన_కొర్లగుంట:
అందరికీ నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో మాకు బాడుగిల్లు ఉంది. కింద రెండు పోర్షన్లు, ఫస్ట్ ఫ్లోర్‌లో ఒకటి, దానిపైన ఒకటి. 2004లో కట్టింది. మిద్దె 30కి 40, అంటే 1200 చదరపు అడుగులు. పై పోర్షన్ వాళ్లు నెలాఖరుకు ఖాళీ చేస్తున్నారు. కొత్తవాళ్లు వచ్చేలోపు పనులు చేయించాలి. చేతిలో ఉన్నది లక్షన్నర.

ఇబ్బందులు ఇవీ. పై పోర్షన్ హాల్లో సీలింగు చెమ్మెక్కి రెండు చోట్ల పెచ్చులు ఊడాయి, ఒక చోట లోపలి ఇనుప కమ్మి కనిపిస్తోంది. ఆ పోర్షన్ బాత్‌రూము కింద, ఫస్ట్ ఫ్లోర్ సీలింగు నుంచి చుక్కలు పడుతున్నాయి. కింది పోర్షన్లలో గోడలకు మూడడుగుల ఎత్తు దాకా తెల్లగా ఉప్పు తేలింది, వేలితో రాస్తే పుట్టీ పొడిపొడిగా రాలుతుంది. కింది రెండు పోర్షన్లకూ కలిపి ఒకటే కరెంటు మీటరు, సబ్ మీటరు పెట్టి పంచుకుంటున్నారు.

పెయింటరు "లోపల డ్యాంప్‌ప్రూఫ్ కొట్టి, పుట్టీ పెట్టి రంగేస్తే అయిపోతుంది, 60 వేలు" అంటున్నాడు. ఏది ముందు చేయించమంటారు?

బేల్దారి_పేరూరు:
సార్, రంగుకు ఇప్పుడే ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. సీలింగుకు కింద నుంచి ఏం పూసినా పైనుంచి నీళ్లు దిగడం ఆగదు. ఆ పూత నీళ్లను బయటికి రానీకుండా శ్లాబులోనే నిలబెడుతుంది, కమ్మి ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. ఒక్క వానాకాలం గడిచేసరికి బుడగలు తేలి ఊడిపోతుంది.

ముందు మిద్దె ఎక్కండి. వాన వెలిసిన గంటకు వెళ్లి, నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయో బొగ్గుతో చుట్టూ గీత గీయండి. పిట్టగోడ అడుగు, ట్యాంకు దిమ్మెల చుట్టూ, మెట్ల గది గోడ అడుగు, తూము నోరు, ఎక్కువగా దిగేది ఈ నాలుగు చోట్లే. మిద్దె నడిమధ్యలో దిగడం తక్కువ. తూములు ఎన్ని, పైపు సైజు ఎంత, మిద్దె మీద ఏం పరిచి ఉంది, డిష్ స్టాండ్ల బోల్టులు ఎక్కడ దిగ్గొట్టారు, ఇవి చెప్పండి.

ఇంటాయన_కొర్లగుంట:
తూములు రెండే, రెండూ వీధి వైపు, 3 అంగుళాల పైపులు. శ్లాబు మీద సున్నం, ఇటుకముక్కల కాంక్రీటు, దానిపైన సిమెంటు పూత. డిష్ స్టాండ్లు మూడు, బోల్టులు నేరుగా మిద్దెలోకే దిగ్గొట్టారు. ట్యాంకు పక్కన పిట్టగోడలో రావి మొక్క ఉంది, ఏటా కోయిస్తున్నాం. వెనక వైపు మూలలో అంగుళం మందాన నీళ్లు రెండు రోజులు నిలుస్తాయి. సీలింగు పెచ్చులు ఊడింది సరిగ్గా దాని కిందే.

సివిల్_తిరుచానూరు:
అసలు జబ్బు ఆ రెండు పైపుల్లోనే ఉంది. లెక్క చూడండి. 1200 చదరపు అడుగులంటే 111 చదరపు మీటర్లు. గంటకు 100 మిల్లీమీటర్ల జోరున వాన పడితే ఆ గంటలో మీ మిద్దె మీదికి వచ్చేది 11,000 లీటర్లు. అంత జోరుకు 4 అంగుళాల పైపు ఒకటి సుమారు 450 చదరపు అడుగుల నీళ్లను దించగలదు. 3 అంగుళాలది దాంట్లో సగం, 220. మీకున్న రెండూ కలిపితే 440. మిగతా 760 అడుగుల మీద పడిన నీళ్లు మిద్దె మీదే ఆగాలి, పగులు ఎక్కడుంటే అక్కడ దిగాలి.

మనకు అసలు గండం జూన్, జూలై కాదు. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పడినప్పుడు రెండు రోజుల్లోనే కుమ్మరిస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. మిద్దె తూముల లెక్క ఆ వానకు తగ్గట్టు ఉండాలి, మామూలు జల్లుకు కాదు.

4 అంగుళాల తూములు మూడు పెట్టండి, వాటిలో ఒకటి ఆ వెనక మూలలో. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. వాలు 100కి 1 అయినా ఇవ్వాలి. 30 అడుగులూ ఒకే వైపు వాలు తీస్తే పై చివర 3.6 అంగుళాలు ఎత్తు పెరుగుతుంది. ముందుకు సగం, వెనక్కి సగం పంచితే 1.8 అంగుళాలతో సరిపోతుంది. అంత బరువు తగ్గినట్టే.

బరువు ఎందుకంటున్నానంటే, పాత కాంక్రీటు మీదే ఇంకో రెండంగుళాలు పోస్తామని చాలామంది మేస్త్రులు అంటారు. రెండంగుళాలంటే చదరపు మీటరుకు సుమారు 115 కిలోలు, మీ మిద్దెకు 12 టన్నుల పైమాట. కమ్మి బయటపడిన శ్లాబు మీద అంత బరువు ఎక్కించకూడదు. పాతది తవ్వి తీసేశాకే కొత్తది వేయాలి.

బేల్దారి_పేరూరు:
ఇంజనీరు సారు చెప్పింది నిజం. తవ్వేటప్పుడు జాగ్రత్త, సుత్తి, ఉలితో చేయించండి. పెద్ద బ్రేకరు మిషను పెడితే పాత శ్లాబుకు కొత్త నెరియలు (పగుళ్లు) వస్తాయి. తీసిన గలీజు మిద్దె మీద ఒకేచోట కుప్ప పోయనీయకండి, ఏ రోజుది ఆ రోజే కిందికి దించాలి.

తవ్వాక పని వరస ఇదీ. శ్లాబును ఇనుప బ్రష్షుతో రుద్ది, కడిగి ఆరనివ్వాలి. ఆరేటప్పుడు చూస్తే నెరియ ఉన్నచోట తడి గీతలా మిగులుతుంది, అప్పుడే గుర్తు పెట్టుకోవాలి. నెరియను అర అంగుళం వెడల్పు, అర అంగుళం లోతు కొట్టి, దుమ్ము ఊది, లేటెక్స్ (సిమెంటు పట్టు పెంచే ద్రవం) కలిపిన మోర్టారుతో నింపాలి. పిట్టగోడ, శ్లాబు కలిసే మూల మొత్తం రెండంగుళాల గుండ్రంతో దిద్దాలి. అక్కడ నిలువు మూల వదిలితే ఏ పూతైనా మొదట చీలేది ఆ మడత దగ్గరే.

తర్వాత పొడి, ద్రవం కలిపే రెండు భాగాల వాటర్‌ప్రూఫ్ పూత. మొదటి పూత నిలువుగా, అది తడిగా ఉండగానే మూలల్లోనూ నెరియల మీదా ఫైబర్ జాలీ గుడ్డ అతికించాలి. మర్నాడు రెండో పూత అడ్డంగా. రెండింటికీ కలిపి చదరపు మీటరుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు, అంటే మీకు 170 నుంచి 220 కిలోలు. పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించాలి కాబట్టి ఇంకో 25 కిలోలు కలుపుకోండి. తక్కువ బస్తాలతో ముగిస్తామన్నారంటే నీళ్లెక్కువ కలిపి సాగదీస్తారనే అర్థం. డబ్బాలు, బస్తాలు మీరే కొనివ్వండి, ఖాళీవి లెక్కబెట్టి తీసుకోండి.

పూత గట్టిపడ్డాక తూములకు గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి కింద సీలింగు చూడండి. బాగుంటేనే పైన వాలు కాంక్రీటు. ఈ పరీక్ష కాకముందు మేస్త్రికి చివరి బిల్లు ఇవ్వకండి.

రావి మొక్కను కోస్తే పోదు సార్. వేరు గోడలో పెరుగుతూనే ఉంటుంది, కోసిన ప్రతిసారీ ఇంకా లావవుతుంది. అక్కడ రెండు వరసల ఇటుకలు విప్పి, వేరు చివరిదాకా లాగి, మళ్లీ కట్టాలి.

భైరాగిపట్టెడ_అక్క:
ఒక మాట అడగాలి. ఇంత తవ్వకం లేకుండా, ఆ తెల్ల కూలింగ్ పెయింటు రెండు కోట్లు కొడితే చాలని షాపువాళ్లు చెబుతున్నారు కదా?

సివిల్_తిరుచానూరు:
ఎండను తిప్పికొట్టే పెయింటు వేరు, నీళ్లను ఆపేది వేరు అక్కా. మొదటిది వేడి తగ్గిస్తుంది. మే నెలలో పై పోర్షన్లో ఉండేవాళ్లకు అది నిజంగా అవసరమే, నేను కాదనను. కానీ నెరియ మీద కొడితే ఎండకు శ్లాబు సాగి, రాత్రికి ముడుచుకునే కదలికలో అదీ చీలుతుంది. నీళ్లు నిలిచేచోట మెత్తబడి లేస్తుంది. వాటర్‌ప్రూఫ్, వాలు, దానిపైన చివరగా తెల్ల పూత. ఈ వరసలో అయితే మూడూ పనికొస్తాయి.

బాడుగిళ్లలో ఇంకో చిక్కుంది. పిల్లలు మంచాలు ఈడుస్తారు, మిద్దె మీద కారం, మసాలా దంచుకుంటారు. ఒట్టి పూతను అలాగే వదిలేస్తే ఏడాదికల్లా గీసుకుపోతుంది. అందుకే పైన వాలు కాంక్రీటు కవచంలా ఉండాలి. డిష్ స్టాండుకు మిద్దెలో బోల్టు వద్దు, విడి సిమెంటు దిమ్మె పోసి దానికి బిగించమనండి. బట్టల తీగ కొక్కేలు పిట్టగోడ పైభాగంలోనే కొట్టాలి.

ఇంటాయన_కొర్లగుంట:
చాలా స్పష్టంగా ఉంది. మరి కమ్మి కనిపించేచోట?

బేల్దారి_పేరూరు:
పై పని ముగిసి శ్లాబు ఆరాకే అది. కనీసం రెండు మూడు వారాలు ఆగండి. సుత్తితో మెల్లగా తడుతూ పోండి. గట్టిచోట "టంగు"మంటుంది, విడిచినచోట డొల్లగా పలుకుతుంది. డొల్లంతా కొట్టేయాలి, కనిపించే పెచ్చు వరకే కాదు. కమ్మి వెనక కూడా వేలు పట్టేంత ఖాళీ చేయాలి. ఎందుకంటే వెనక తుప్పు వదిలేస్తే అది ఉబ్బి కొత్త మోర్టారును తోసేస్తుంది. మెరుపు వచ్చేదాకా రుద్దాక జింకు ప్రైమరు, తర్వాత సిమెంటు, లేటెక్స్ కలిపిన పల్చటి పూత, అది తడిగా ఉండగానే పాలిమర్ మోర్టారు. సీలింగుకు ఒక్కసారిగా అర అంగుళం మించి ఎక్కించొద్దు, జారిపోతుంది. కమ్మి మందం నాలుగో వంతు తిన్నట్టు కనిపిస్తే నాలాంటి మేస్త్రి మాట మీద పోకండి, ఇంజనీరును పిలిచి చూపించండి. పక్కన కొత్త కమ్మి కట్టాలేమో ఆయన తేలుస్తారు.

పైపులపని_లీలామహల్:
బాత్‌రూము సంగతి నేను చెబుతాను. టైల్స్ పగలగొట్టే ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోండి. మూడు పరీక్షలు చాలు, మూడు రోజులు పడతాయి.

మొదటి రాత్రి ఆ బాత్‌రూముకు వచ్చే గేట్ వాల్వు కట్టేయండి. తెల్లారేసరికి చుక్కలు ఆగిపోతే నీళ్లొచ్చే పైపులో లీకు. ఆగకపోతే రెండో రోజు ఫ్లోర్ ట్రాప్ (నీళ్లు బయటికి పోయే గుంట) నోటికి ప్లాస్టిక్ చుట్టిన గుడ్డ గట్టిగా కుక్కి, ఫ్లోరు మీద అంగుళం నీళ్లు పోసి, గోడకు టేపుతో గుర్తు పెట్టండి. 24 గంటల్లో మట్టం చెప్పుకోదగ్గంత దిగితే టైల్స్ సందుల్లోంచి, గోడ మూలల్లోంచి పోతోంది. దిగకపోతే మూడో రోజు గుడ్డ తీసి, రంగు కలిపిన బకెట్ నీళ్లు ట్రాప్‌లోకి పోయండి. కింద రంగు చుక్క పడిందా, ట్రాప్ జాయింటు లేదా దాని కింది పైపు.

సందుల్లోంచి అయితే పాత గ్రౌటు (టైల్స్ సందుల్లో నింపింది) మూడింట రెండు వంతుల లోతు గీకి, రెండు రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టి ఎపాక్సీ గ్రౌటు నింపండి. టైలు మీద అంటుకున్న పొరను పావుగంటలోపే తడి స్పాంజితో తుడవాలి, ఎండితే గీకినా రాదు. గోడ, ఫ్లోరు కలిసే మూలలో మాత్రం గ్రౌటు కాదు, సాగే సీలెంటు. ట్రాప్ అయితే చుట్టూ అడుగు మేరకు మాత్రమే పగలగొట్టి మార్చండి, ఫ్లోరంతా అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. బాత్‌రూము శ్లాబు పల్లంగా దించి, ఇటుకముక్కలతో నింపి ఉంటే ఆ నింపుడు స్పాంజిలా ఏళ్ల నీళ్లు పట్టుకుని ఉంటుంది. పైన లీకు సరిగ్గా ఆపినా కింద ఇంకో మూడు నాలుగు వారాలు చుక్కలు పడొచ్చు. "పని పాడైంది" అని మళ్లీ పగలగొట్టకండి. రోజూ చుక్కలు లెక్కబెట్టండి, తగ్గుతూ ఉంటే పని సరిగ్గా కుదిరినట్టే. ఎప్పుడైనా మొత్తం పగలగొట్టాల్సి వస్తే, పల్లంలో అన్నింటికన్నా కిందిచోట అంగుళం పైపు ఒకటి బయటికి తీయించండి. లోపల చేరిన నీళ్లు దాన్నుంచి పోతాయి, లీకు మొదలైన రోజే బయటపడుతుంది.

భైరాగిపట్టెడ_అక్క:
పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ వేయించుకోవచ్చా అన్నా? పోర్షన్ చూడ్డానికి వచ్చేవాళ్లు బాత్‌రూమే మొదట చూస్తారు.

పైపులపని_లీలామహల్:
లీకు లేకుంటేనే వేయొచ్చు అక్కా. అయితే గమ్ముతో కలిపి ముప్పావు అంగుళం దాకా ఎత్తు పెరుగుతుంది. తలుపు దగ్గర గడప ఎత్తు చూసుకోండి. ఫ్లోరు గడపతో సమానమైతే స్నానం చేసిన నీళ్లు గదిలోకి వస్తాయి. ట్రాప్ జాలీని కూడా కొత్త ఎత్తుకు పెంచాలి, లేకుంటే గుంట మిగిలి వెంట్రుకలు, సబ్బు పేరుకుంటాయి. స్టూడెంట్లకిచ్చే పోర్షన్లలో ట్రాప్ మీద చేత్తో తీసేందుకు వీలున్న స్టీలు జాలీ పెట్టండి.

బోరు నీళ్లు వాడేవాళ్లు ఫ్లష్ ట్యాంకు కూడా చూడండి. గార పట్టి అడుగు రబ్బరు సరిగ్గా కూర్చోదు, చప్పుడు లేకుండా నీళ్లు కారుతుంటాయి. ట్యాంకులో రంగు వేసి, పావుగంట ఎవరూ వాడకుండా ఉంచి కమోడ్‌లో చూస్తే తెలిసిపోతుంది.

సివిల్_తిరుచానూరు:
కింది గోడల ఉప్పు గురించి. బయట రోడ్డు ఎత్తెంత? మన పాత వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. కట్టినప్పుడు రెండడుగుల ఎత్తున్న బేస్‌మెంటు ఇప్పుడు అరడుగు మిగులుతుంది. వాన నీళ్లు పునాది పక్కనే నిలుస్తాయి, ఇటుక వాటిని పైకి పీలుస్తుంది, నీళ్లు ఆరి ఉప్పు మిగులుతుంది. పుట్టీని తోసేది ఆ ఉప్పే.

అందుకని పని బయటినుంచి మొదలవ్వాలి. ఇంటి చుట్టూ రెండడుగుల వెడల్పు సిమెంటు చప్టా, గోడ నుంచి బయటికి వాలుగా. లోపల తడి గీత కంటే అడుగు పైదాకా ప్లాస్టరింగ్ కొట్టేయండి. ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. నెల రోజులు ఇటుక బయటే ఉండి ఆరాలి. ఆ తర్వాత 1:4 సిమెంటు, ఇసుక, బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రవం. ఆ నాలుగడుగుల మేర జిప్సం, పుట్టీ వద్దు, సిమెంటు పెయింటు చాలు. కనిపించకుండా టైల్స్ అంటించే ఉపాయం కూడా వద్దు, చెమ్మ టైలు వెనకే ఎక్కి దానిపైన తేలుతుంది.

ఇంట్లో మనుషులుండగా నెల రోజుల ఎండబెట్టడం కష్టం. ఈ ఏడు చప్టా వరకు చేసి, లోపలి పని వేసవికి ఆపుకోండి.

కరెంటుపని_ఆటోనగర్:
సబ్ మీటరు వ్యవహారం తగాదాలకు మూలం. మన దగ్గర ఇళ్ల కరెంటుకు యూనిట్లు పెరిగేకొద్దీ పై శ్లాబు రేటు, అంటే యూనిట్‌కు ఎక్కువ ధర పడుతుంది. రెండు కుటుంబాల యూనిట్లు ఒకే మీటర్లో కలిస్తే ఇద్దరూ పై శ్లాబుకు పోతారు, ఎవరు ఎక్కువ కాల్చారని గొడవ మొదలవుతుంది. విడి సర్వీసుకు కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టండి.

మీటరు విడదీసేటప్పుడు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కూడా పోర్షన్‌కు పోర్షన్ విడిగా లాగించాలి, మరిచిపోవద్దు. చాలా ఇళ్లలో ఫేజు విడదీసి న్యూట్రల్ కలిపే ఉంచేస్తారు. ఆ తర్వాత ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చి) పెడితే ఒకింట్లో ఫ్యాను వేస్తే ఇంకో ఇంట్లో ట్రిప్ అవుతుంది. "ఇది పనికిరాదు" అని తీసి పారేస్తారు. అది చెడిపోయి కాదు, వెళ్లిన కరెంటు అదే దారిలో తిరిగి రాలేదని చెబుతోంది. ప్రతి పోర్షన్‌కూ 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, నెలకోసారి దాని టెస్టు బటన్ నొక్కి చూడమని బాడుగవాళ్లకు చెప్పండి. చెమ్మెక్కిన గోడలున్న ఇంట్లో దీన్ని ఖర్చు కింద లెక్కేయకండి, ప్రాణానికి సంబంధించింది.

లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ప్లగ్గులకు 2.5, గీజరుకూ ఏసీకీ విడివిడిగా బోర్డు నుంచే 4. ఏసీ తర్వాత వాళ్లే పెట్టుకుంటారులే అని వదిలేస్తే, లైటు పాయింటు నుంచి లాగేస్తారు.

బాడుగమనిషి_ఎమ్మార్‌పల్లి:
బాడుగకుండేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఇంటాయన చేయించాల్సిన మరమ్మతు నోటీసిచ్చాక కూడా తగినంత కాలంలో చేయించకపోతే, బాడుగదారు చేయించుకుని ఆ ఖర్చు బాడుగలో పట్టుకోవచ్చు. అదే సెక్షన్ బాడుగదారును కూడా కట్టేస్తుంది. మామూలు వాడకంలో అరిగేది తప్ప ఇల్లు ఎలా తీసుకున్నామో అలా అప్పగించాలి. కాబట్టి ఏది ఎవరిదో అగ్రిమెంటులోనే రాసుకుంటే ఇద్దరికీ మేలు. శ్లాబు, పైపులు, వైరింగు ఇంటాయనవి. బల్బు, కొళాయి వాషరు, జాలీ శుభ్రం మావి. తాళం ఇచ్చే రోజే ప్రతి గదికీ ఫొటోలు, మీటరు రీడింగు ఇద్దరి ఫోన్లలో ఉంటే అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు మాట తేడా రాదు.

సివిల్_తిరుచానూరు:
పన్ను లెక్క కూడా గుర్తుంచుకోండి. బాడుగ ఆదాయంలో కట్టిన ఇంటిపన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం తగ్గిస్తారు. మీరు మరమ్మతుకు రూపాయి పెట్టినా, రెండు లక్షలు పెట్టినా ఆ 30 శాతమే. బిల్లులు చూపి ఇంకా తగ్గించుకుందామనుకుంటే కుదరదు.

ఇంటాయన_కొర్లగుంట:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇలా అనుకుంటున్నాను. ముందు మూడు తూములు, మిద్దె పని. అది ఆరేలోపు బాత్‌రూము పరీక్షలు, గ్రౌటు. తర్వాత హాలు సీలింగు. కింద ఆర్‌సీసీబీలు, న్యూట్రల్ విడదీయడం వెంటనే, మీటరుకు దరఖాస్తు. చప్టా ఈ ఏడు, గోడలు వేసవికి. రంగు పై పోర్షన్ ఒక్కదానికే, అన్నింటికన్నా ఆఖరున. బ్రహ్మోత్సవాలలోపు మిద్దె పని ముగించాలని చూస్తున్నాను. మిద్దె మీద 1000 లీటర్ల ట్యాంకులు రెండున్నాయి, నేల మీదే కూర్చోబెట్టి ఉన్నాయి. వాటిని కదపకుండా పూత వేయొచ్చా?

బేల్దారి_పేరూరు:
వద్దు సార్, ట్యాంకు కింద పూత పడకపోతే మిగతాదంతా చేసినా అక్కడినుంచే దిగుతుంది. ఒక్కో ట్యాంకు ఖాళీ చేసి జరుపుతూ, రెండోదాంతో ఇల్లు నడపండి. పూత అయ్యాక అడుగు ఎత్తు దిమ్మెలు కట్టి పైన రాతి బండ వేసి కూర్చోబెట్టండి. చెయ్యి, చీపురు దూరేంత ఖాళీ ఉంటే కింద తడి ఉందా లేదా కనిపిస్తుంది. నిండు ట్యాంకు ఒకటి టన్ను బరువు, దిమ్మెలు దూలం మీదికో, కింద గోడ ఉన్నచోటికో రావాలి, శ్లాబు మధ్యలో పెట్టనీయకండి. ఫ్లోటు వాల్వు కూడా మార్చేయండి. మోటరు ఆపడం మరిచిన రోజు ట్యాంకు పొర్లిన నీళ్లు కూడా వాన నీళ్లలాగే ఆ శ్లాబులోకి దిగుతాయి. పొర్లు పైపును తూము నోటిదాకా తెచ్చి వదలండి.